ఊపిరికీ గుండెకీ మధ్య

శిష్యులు ఏమడిగినా డాక్టర్ అనంతపద్మనాభంగారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. "రేపు చూద్దాం" అనేవారు. ముప్పై ఏళ్ళుగా గుండె ఆపరేషన్లు చేస్తున్న ఆ పెద్దాయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళు మొదట్లో దాన్ని చాదస్తమనుకునేవారు.

నస్రీన్ ఆయన దగ్గర చేరిన రెండో ఏట, బెజవాడలో యేసుపాదం అనే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒక కూడలిలో, నడిరోడ్డు మీద చెయ్యెత్తి లారీలను ఆపుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. నలభై నాలుగేళ్ళ మనిషి. ఆపరేషన్ కాగితాల మీద సంతకం చేశాక అతని భార్య మరియమ్మ నస్రీన్ చెయ్యి వదల్లేదు.

"బీడీ ముట్టడమ్మా. మందు వాసనే గిట్టదు. షుగరు లేదు, బీపీ లేదు. మా మావగారు, ఈయన్ని కన్న తండ్రి, ఎనభై ఏళ్ళు దాటి బతికాడు. మరి ఈయన గుండెకేం వచ్చిందమ్మా?"

నస్రీన్ ఆ ప్రశ్నే తీసుకెళ్ళి గురువుగారిని అడిగింది. ఆయన కేసు కాగితాలు తిరగేసి ఒక్క వాక్యం కింద గీత గీశారు. పద్దెనిమిదేళ్ళుగా అదే కూడలిలో డ్యూటీ. "రేపు చూద్దాం" అన్నారు.

మర్నాడు పొద్దున్న ఛాతీ తెరిచారు. ఊపిరి అందినప్పుడల్లా ఎడమ ఊపిరితిత్తి పొంగి పైకి వస్తోంది. లేత గులాబీ రంగులో ఉండవలసిన దాని మీద, వల పరిచినట్టు నల్లటి గీతలు. తుడిస్తే పోయే నలుపు కాదది. జన్మలో పొగ తాగని మనిషి ఊపిరితిత్తి.

"ఈ రెంటి మధ్యా వేలు పెట్టు" అన్నారు గురువుగారు.

పెట్టింది. వేలికి ఒక పక్క ఊపిరి, ఇంకో పక్క గుండె. మూడు నాళాలు పూడుకుపోయి కూడా, తల్లి కడుపులో మొదలుపెట్టిన పనిని ఒక్క పూటైనా మానని గుండె, చేతి తొడుగు మీదుగా ఆమె వేలిని తడుతోంది. నస్రీన్‌కి ఒళ్ళు జలదరించింది. చుట్టూ యంత్రాల చప్పుడు ఆమెకు వినబడలేదు.

"ఖాళీ ఎంతుంది?"

"లేదు సార్" అంది.

"బళ్ళ పొగలో కంటికి కనబడే మసి ఇక్కడ ఆగింది. కనబడనంత సన్నటిది నెత్తుట్లోకి దిగుతుంది. ఇతని గుండెను పాడుచేసింది అదేనని ప్రమాణం చేసి చెప్పలేను. కాదనీ చెప్పలేను" అని ఆయన కత్తెర అందుకున్నారు.

ఆరో రోజుకి యేసుపాదం వరండాలో నడిచాడు. ఇకమీదట స్టేషన్లో కూర్చుని చేసే పని ఇమ్మని పై అధికారులకు ఉత్తరం రాసిస్తానన్నారు డాక్టరుగారు. మరియమ్మ రెండు చేతులూ జోడించింది. యేసుపాదం మాత్రం ఇంకో మాట అడిగాడు.

"మరి నా బదులు అక్కడ ఎవర్ని నిలబెడతారు సార్?"

డాక్టరుగారు అతని భుజం తట్టి బయటికి వచ్చేశారు. నస్రీన్ వెనకే వచ్చింది.

"అతనికి ఏం చెప్పాలి సార్?"

ఈసారి ఆయన రేపటిదాకా ఆగలేదు.

"నువ్వూ రోజూ ఆ కూడలి మీదుగానే వస్తావు కదమ్మా. ఎర్రలైటు పడితే బండి ఆపుతావు. ఇంజనూ ఆపుతావా?"