జగ్గభూపతి అడిగిన మన్నన

"రేపు మధ్యాహ్నంలోగా ఈ ఊరి జనం మనవైపు మొహం తిప్పాలి. మా బావమరిది క్షమాపణ చెప్పడు, నేను చెప్పించలేను. ఏం చేస్తావో నీ ఇష్టం," అన్నాడు పైడికొండ రాజు అనంగదేవుడు.

ఆ మాట అన్నది తన ఉత్తరాలు రాసిపెట్టే మల్లుభట్టుతో. అప్పుడు వాళ్లున్నది పొరుగు రాజ్యమైన ఏటిమొగలో, విడిది ఇంట్లో.

రెండేళ్లుగా పైడికొండలో వానల్లేవు. ఏటిమొగ నది నుంచి ఒక కాలువ అడుగుదామని రాజు స్వయంగా వచ్చాడు. వెంట ఆయన భార్య తమ్ముడు జగ్గభూపతి కూడా వచ్చాడు. రాజుకు ధైర్యం యుద్ధాల్లో ఉండేది గాని, ఇంట్లో వాళ్లకు వద్దని చెప్పడంలో ఉండేది కాదు.

జగ్గభూపతి నిండు సభలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఏటిమొగ రాణి అక్కమాంబ స్వాగతం పలుకుతుంటే చప్పుడయ్యేలా ఆవులించాడు. ఆవిడ వేయించిన పూలదండ తీసి తన గుర్రం మెడలో వేశాడు. విందులో పాయసం చప్పరించి, మా ఊళ్లో కుడితి ఇంతకన్నా చిక్కగా ఉంటుందన్నాడు.

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. మర్నాడు ఏనుగుల మీద ఊరేగింపు. ఏటిమొగ జనం మహా మర్యాదస్తులు, ఒక్క రాయి విసరలేదు. వీధికి రెండు పక్కలా బారులు తీరి, అతిథులకు వీపులు చూపిస్తూ నిలబడ్డారు. ఇంటింటి ముందూ కుడితి గోలెం పెట్టి, పెద్దమనిషికి చిక్కనిదంటే ఇష్టమట అని చెప్పుకున్నారు. జనం మొహాలు మీవైపు తిప్పేదాకా కాలువ మాట ఎత్తొద్దని అక్కమాంబ కబురంపింది.

రాజు మాట విన్న మల్లుభట్టుకు ఎండిన చేలు కళ్లముందు మెదిలాయి. నేరుగా జగ్గభూపతి దగ్గరికి వెళ్లాడు. ఆయన మీసాలకు అత్తరు రాసుకుంటున్నాడు.

"ఈ జనానికి తమ గొప్పతనం తెలియక మన్నన ఇవ్వడం లేదు ప్రభూ. ఏనుగు దిగి, 'నన్ను మన్నించండి' అని గట్టిగా అడగండి. రెండు చేతులూ దగ్గరకు చేరిస్తే పది ఉంగరాలూ ఒక్కసారే కనిపిస్తాయి."

జగ్గభూపతి ఉంగరాల వంక చూసుకున్నాడు. సలహా బాగుందన్నాడు.

పొద్దున్నే మళ్లీ ఊరేగింపు, మళ్లీ వీపులే. జగ్గభూపతి నడివీధిలో ఏనుగు దిగాడు. చేతులు జోడించాడు. ఉంగరాలు తనకూ కనబడాలిగా, తల కూడా కాస్త వంచాడు.

"ఏటిమొగ ప్రజలారా, నన్ను మన్నించండి."

కుండలమ్మే ముసలమ్మ ఒకామె అందరికన్నా ముందు ఇటు తిరిగి, పోనీలే నాయనా, చిన్నవాడివి అంది. ఆ వెనక వీధంతా తిరిగింది. ఆడవాళ్లు గోలేలు గేదెల దగ్గరకు మోసుకుపోయారు.

గద్దించి అడిగితే గాని వీళ్లు దారికి రారు బావగారూ, అన్నాడు జగ్గభూపతి రాజు చెవిలో.

మధ్యాహ్నం కాలువ ఒప్పందం మీద ముద్ర పడింది. అక్కమాంబ మల్లుభట్టును పక్కకు పిలిచి, అంతటి మనిషి చేత క్షమాపణ ఎలా చెప్పించావని అడిగింది. అనంగదేవుడు కూడా చెవి ఒగ్గాడు.

"ఆయన గౌరవించమని అడిగారు తల్లీ, మీ జనానికి క్షమించమని వినబడింది. తప్పు నాది కాదు, తెలుగుది."

రాణి పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అనంగదేవుడు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, మెళ్లోని ముత్యాల హారం తీసి మల్లుభట్టు మెడలో వేశాడు. తనకు దక్కిన మన్నన చూసి వీళ్లింత సంబరపడుతున్నారనుకుని, అవతల జగ్గభూపతి కూడా హాయిగా నవ్వాడు.