కిటికీ పక్కన వారం రోజులు

శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు వేలాయుధంగారికి లేదు. శ్రీకాళహస్తిలో నలభై ఏళ్ళుగా కలంకారీ నేర్పుతున్న ఆయన, అడిగిందంతా ఓపిగ్గా విని, దానికి సంబంధం లేనట్టు కనిపించే పనేదో ఒకటి అప్పజెప్పేవారు. వకుళ విషయంలోనూ అదే చేశారు.

వకుళకు ముప్పై రెండేళ్ళు. తిరుపతిలో ఉద్యోగం మానుకుని వచ్చి, నాలుగేళ్ళుగా ఆయన దగ్గర గుడ్డ మీద బొమ్మలు వేస్తోంది. చెయ్యి తిరిగింది గాని, ఏడాదిగా తనదంటూ ఒక్క బొమ్మా వెయ్యలేదు. నెమలి వెయ్యాలంటే ఫోను తీస్తుంది. వంద నెమళ్ళు చూస్తుంది. అక్కణ్ణించి ఇంకేవేవో చూస్తుంది. తలెత్తేసరికి పూట గడిచిపోయి ఉంటుంది. చివరికి గుడ్డ మీదికి దిగేది ఎవరో వేసిన నెమలే. ఫోనును బీరువాలో పెట్టి తాళం వేసింది కూడా. మనసంతా బీరువా దగ్గరే ఉండేది.

ఆఖరికి ఒకరోజు గురువుగారి ఎదుట కూర్చుని అడిగింది.

"రోజుకు ఎంతసేపు ఫోను చూస్తే నా ధ్యాస నాకు మిగులుతుంది, గురువుగారూ?"

ఆయన కలానికి దారం చుట్టడం పూర్తిచేశారు. "సుగుణకు కంటి ఆపరేషన్ అయింది. వారం రోజులు బోర్లా పడుకోవాలన్నారు డాక్టర్లు. మధ్యాహ్నాలు కాస్త తోడు కూర్చుంటావా, అమ్మా?" అన్నారు.

సుగుణమ్మ ఆయన భార్య. మొదటి రోజు వకుళ మంచం పక్కన, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుంది. కూర్చోగానే ఫోను తీసింది.

కాసేపటికి దిండులోంచి మాట వినబడింది. "బయట ఏం కనపడతా ఉంది పాపా?"

వకుళ ఒకసారి తలెత్తింది. "ఏం లేదమ్మా. ఏరు. ఆరేసిన గుడ్డలు."

"ఏం గుడ్డలు?"

"మామూలు గుడ్డలే."

సుగుణమ్మ ఎవరినీ తప్పుపట్టని గొంతుతో, "ఎడమ కన్ను పోయి ఏడేళ్ళయింది. ఇది కూడా వస్తాదో రాదో చెప్పలేమన్నారు. అందుకని అడిగితి," అంది.

వకుళ ఫోను సంచిలో పెట్టేసింది.

మర్నాడు ఏట్లో కలంకారీ గుడ్డలు ఉతికే ఆడమనిషి గురించి చెప్పింది. చెప్పడం సుగుణమ్మ అడిగినంత సులువు కాలేదు. ఆ మనిషి వంగినప్పుడు ఏ కాలు మీద ఆనుకుంటోంది? నీళ్ళలో ఎరుపు నల్లగా కనపడుతోందా? ఇసక మీద పరిచాక ఎంతసేపటికి రంగు తేలుతోంది? తెలియదని చెప్పడానికి వకుళకు సిగ్గేసింది. మళ్ళీ చూసింది. మూడో రోజు ఏటి దగ్గర ఒక్క మనిషీ లేడు. చెప్పడానికేమీ లేక, దొరికేదాకా చూస్తూ కూర్చుంది.

నాలుగో రోజు ఒక కొంగ వచ్చింది. తడిగుడ్డ మీద వేసిన చేప బొమ్మను చూసి, దాని పక్కనే ఒంటికాలి మీద నిలబడింది. ముక్కుతో ఒకసారి పొడిచింది. తల పక్కకు వంచి ఆలోచించింది. మళ్ళీ పొడిచింది. వకుళ చెబుతుంటే సుగుణమ్మ భుజాలు అదిరాయి.

"నవ్వించొద్దు పాపా. కదలకూడదన్నారు."

ఆ సాయంత్రం వకుళకు మనసు ఊరుకోలేదు. పొడిచాక ఆ కొంగ మెడ ఎలా వంగిందో మాటల్లో సరిగా చెప్పలేకపోయానని బాధ. చింతబొగ్గు తీసుకుని గుడ్డ మీద గీసింది. తుడిచింది. మళ్ళీ గీసింది. మెడ కుదిరేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు మధ్యాహ్నాలూ స్టూలు మీద కూర్చునే, సుగుణమ్మకు ఏటి సంగతులు చెబుతూనే గీసింది.

ఎనిమిదో రోజున డాక్టరు తల ఎత్తనిచ్చాడు. కన్ను నిలిచింది. చూపు మాత్రం మెల్లగా, నెల రోజుల మీద వస్తుందన్నాడు. ఇంటికి వచ్చాక సుగుణమ్మ ఆ గుడ్డను ముక్కుకు తగిలేంత దగ్గరగా పట్టుకుంది. గీత వెంట మసక మసగ్గా చూపు నడిపింది. వేలితో కూడా తడిమింది.

"ఆకలి మీద ఉంది పాపం," అంది.

వకుళ కళ్ళు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చింది. వేలాయుధంగారు కరక్కాయ నీళ్ళలో గుడ్డ నానబెడుతున్నారు. "నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు, గురువుగారూ," అంది.

ఆయన గుడ్డను నీళ్ళలోంచి తీసి, ఒక కొస ఆమె చేతికిచ్చారు. ఇద్దరూ కలిసి పిండారు.

"వారం రోజులు సుగుణ నిన్ను ఏం చూశావని అడుగుతూ వచ్చింది," అన్నారు. "ఆ ఫోను నిన్ను ఎప్పుడైనా ఆ మాట అడిగిందా?"