నాంచారమ్మ నాలుక, చీనా వేపుడు

అనగనగా అంటే మరీ పాతకాలం అనుకునేరు. ఓడలు తెరచాపలతో తిరిగే రోజులే. సముద్రం ఒడ్డున కనకరేవు అని ఒక పట్టణం ఉండేది. ఆ పట్టణానికి ఒక రాజు. ఆ రాజు భుజం మీద మాటలు నేర్చిన ఒక రామచిలుక. ఇక ఊళ్ళో జనమందరికీ కలిపి ఒకటే గర్వం, కారం తినడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరని.

ఆ గర్వం ఎంతటిదంటే, విస్తట్లో మిరపకాయ వదిలి లేచినవాడికి ఆ ఊళ్ళో పరువు దక్కేది కాదు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నా "పొయ్యి పొగండీ" అనేవారు. చెమట పడితే ఎండ మీదికి తోసేవారు. నోరు మండిందన్న మాట మాత్రం చచ్చినా అనేవారు కాదు.

అలాంటి ఊళ్ళో కారం దంచే నాంచారమ్మ అంటే ఎంత గొప్పో మీరే ఊహించుకోండి. ఆమె రోట్లో ఎండుమిరపకాయలు పోసి రోకలి ఎత్తిందంటే వీధి వీధంతా తుమ్ములే. ఆమె మాత్రం ముక్కు కూడా ఎగబీల్చేది కాదు. రాజుగారు అది చూసి మెచ్చి, "కారాల నాంచారమ్మ" అని బిరుదిచ్చి, స్వయంగా చేతికి వెండి కడియం తొడిగారు. ఆ కడియం అందరికీ కనబడేలా నాంచారమ్మ రోకలిని కాస్త పైకే ఎత్తేది. తప్పేముంది లెండి, ఉన్న గొప్ప చూపించుకోవడం మనకు మాత్రం తెలియదా?

ఒకనాడు రేవుకు చీనా ఓడ వచ్చింది. అందులోంచి చెన్ ఫూ అనే వంటవాడు ఒక పెద్ద ఇనప మూకుడు నెత్తిన పెట్టుకుని దిగాడు. ఊరివాళ్ళు రెండు రోజులు ఆ పేరు పలకబోయి, మూడోనాడు చెన్నప్ప అని స్థిరం చేసేశారు. పాపం, అతని ఇల్లు వరదలో కొట్టుకుపోయింది. వాళ్ళమ్మ నేర్పిన వంట ఒక్కటే అతనికి మిగిలింది. ఓడవాళ్ళ దగ్గర నేర్చిన తెలుగుతో రాజుగారి అనుమతి అడిగి, రేవు వీధిలో భోజనశాల తెరిచాడు.

కారం దంచడానికి అతనికి నాంచారమ్మే కావలసి వచ్చింది. "అక్కా, ఈ ఊరి రుచి నాకు తెలియదు. నీ నాలుకే నాకు ఈ ఊరి నాలుక. నువ్వేం చెబితే అది చేస్తాను" అన్నాడు.

మొదటి రోజు చెన్నప్ప వాళ్ళమ్మ చేసే కోడివేపుడు చేశాడు. చిన్న చిన్న కోడిముక్కలు, వాటిని కప్పేసి ఇన్నేసి ఎండుమిరపకాయలు. నాంచారమ్మ విస్తరి ముందు కూర్చుని అలవాటుగా ముందు మిరపకాయే నమిలింది. అంతే, కారం నసాళానికి అంటింది. చెవుల్లోంచి పొగలు వచ్చినట్టయింది. మెల్లగా లేచి, పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ కాగులో మూతి పెట్టి అరఘడియ అలాగే ఉండిపోయింది.

తిరిగి వచ్చేసరికి చెన్నప్ప ఆశగా చూస్తున్నాడు. నాంచారమ్మ చేతి కడియం వంక చూసుకుంది. ఉన్నమాట చెప్పడానికి నోరు రాలేదు.

"ఇదేం కారం తమ్ముడూ? చప్పగా ఉంది. ఇంకో గుప్పెడు వెయ్యి" అంది.

అతను నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు?

మొదటి విందుకు ఓడల షావుకారు రత్నయ్యశెట్టి బంధువులతో వచ్చాడు. శెట్టిగారు మిరపకాయలు ఒక్కటి వదలకుండా నమిలాడు. బంధువులూ నమిలారు. రెండో ముద్దకే నోళ్ళు మొద్దుబారిపోయాయి. కోడిముక్క నోట్లో పడిందో గడ్డిపరక పడిందో ఎవరికీ తెలియలేదు. అయినా శెట్టిగారు ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుని, "ఏదో గొప్పగా ఉంటుందని వచ్చాం. రుచీ లేదు, పచీ లేదు, కారమూ లేదు. మా ఇంట్లో చంటిపిల్లలు తింటారు ఇది" అని లేచాడు. ఇంటికి వెళ్ళి నాలుక మీద వెన్న రాసుకుని పడుకున్నాడు, అది వేరే సంగతి.

చెన్నప్ప నాంచారమ్మ వైపు తిరిగాడు. "ఏం చేయమంటావు అక్కా?"

ఒకసారి చప్పగా ఉందన్నాక ఇప్పుడు మాట మారిస్తే ఏం బాగుంటుంది? "ఇంకో రెండు గుప్పెళ్ళు" అంది నాంచారమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఎక్కడో కలుక్కుమంది.

రెండో విందుకు దళవాయి వీరపనాయుడు తన వస్తాదులతో వచ్చాడు. మీసాలు దువ్వుకుంటూ కూర్చున్నారు. ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ మిరపకాయలన్నీ తిన్నారు. ఒక వస్తాదుకు పొలమారి, దగ్గీ దగ్గీ మజ్జిగ కుండ మీద పడ్డాడు. కూర్చుని తింటున్నవాడు కాస్తా "కాలు జారింది" అన్నాడు. దళవాయి చెయ్యి కడుక్కుంటూ, "ఇంత చప్పిడి తిండి నా జన్మలో తినలేదు" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత భోజనశాల మెట్టు ఎక్కినవాడు లేడు. చీనావాడి వంట ఉత్త చప్పనట అన్న మాట ఊరంతా పాకి, కోటలోకీ చేరింది. రాజుగారు కబురు పంపారు. "పౌర్ణమినాడు మధ్యాహ్నం మేమే వచ్చి తింటాం. నచ్చితే ఇక్కడే ఉండు. నచ్చకపోతే ఆ సాయంత్రం బయలుదేరే ఓడ ఎక్కెయ్."

ఆ కబురు విని చెన్నప్ప మూకుడు బోర్లించి దాని పక్కన కూలబడ్డాడు. ఓడ ఎక్కి ఎక్కడికి వెళతాడు? అక్కడ అతనికి వాకిలి కూడా లేదు. నాంచారమ్మ అతని చెయ్యి పట్టుకుని లేపింది. "ముందు రెండు మెతుకులు తిను తమ్ముడూ, తర్వాత ఆలోచిద్దాం" అని ఇంటికి తీసుకుపోయి, మునక్కాడల పులుసు పోసి అన్నం పెట్టింది.

చెన్నప్ప మునక్కాడ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. కళ్ళు పెద్దవి చేసి, మెడ సాచి, పిప్పితో సహా గుటుక్కున మింగాడు. గొంతులో గుచ్చుకుని కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే ఇంకో ముక్క తీసుకోబోయాడు.

"అయ్యో నా తండ్రీ, ఆగు" అంది నాంచారమ్మ. "అది మింగేది కాదు. రసం పీల్చి పిప్పి ఊసెయ్యాలి. గొంతు గీరుకుపోతుంటే చెప్పవేం?"

"నువ్వు ప్రేమగా పెట్టావు అక్కా. కష్టంగా ఉందంటే నన్ను తక్కువగా చూస్తావేమో అనుకున్నాను" అన్నాడు చెన్నప్ప తలొంచుకుని.

నాంచారమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి అడిగింది. "చెన్నప్పా, మీ దేశంలో ఆ వేపుడులో మిరపకాయలు తింటారా?"

"ఎవరు తింటారు అక్కా? అవి వాసనకు. ముక్కలు ఏరుకుని తిని, కాయలు పక్కన పెట్టేస్తారు. మీరు కరివేపాకు తీసేయరూ, అలాగే. ఇక్కడ అందరూ నమిలి తింటుంటే ఈ ఊరివాళ్ళు మహావీరులు అనుకున్నాను."

"పౌర్ణమినాడు నా మాట విను. మీ అమ్మ నీకు ఎలా చేసి పెట్టేదో అలా చెయ్యి. మిగతాది నేను చూసుకుంటాను" అంది నాంచారమ్మ.

పౌర్ణమి వచ్చింది. రాజుగారు వచ్చారు. భుజం మీద చిలుక, వెనక శెట్టిగారు, దళవాయి, బయట వీధి నిండా జనం. వేపుడు వడ్డించారు. రాజుగారూ ఆ ఊరి మనిషే కదా, అందరూ చూస్తున్నారని అన్నిటికంటే లావుపాటి మిరపకాయ ఏరి నోటి దగ్గరికి తీసుకుపోయారు.

"ఆగండి ప్రభూ" అంది నాంచారమ్మ. "అది తినేది కాదు. కరివేపాకులా తీసేసేది."

దళవాయి మీసం మెలేశాడు. "ఏం నాంచారమ్మా, కారాల నాంచారమ్మవు నువ్వే కారానికి భయపడుతున్నావా?"

వీధంతా చెవులు రిక్కించింది. నాంచారమ్మ ముందుకు వచ్చింది. చేతి కడియం తీసి రాజుగారి ముందు పెట్టింది.

"భయపడ్డాను నాయుడుగారూ. మొదటి రోజు ఒక్క కాయ నమిలి, పెరట్లో నీళ్ళ కాగులో మూతి పెట్టుకున్నాను. లోపలికొచ్చి చప్పగా ఉందని అబద్ధమాడాను. ఈ చెన్నప్ప నా నాలుకను నమ్ముకున్నాడు. నా డాబు కోసం అతని వంట పాడుచేశాను. ఎవరినైనా పంపాలంటే నన్ను పంపండి ప్రభూ, వంట తప్పు లేదు."

అంతలో చిలుక రాజుగారి భుజం దిగి వచ్చి, విస్తట్లోంచి ఒక మిరపకాయ తీసి కరకర నమిలింది. ఇంకోటి నమిలింది. మూడోది కూడా నమిలి, ముక్కు విస్తరికి తుడుచుకుంది.

"మా చిలుకలకు మంట తెలియదు కాబట్టి తింటాం. మీకు తెలుస్తుందిగా, మరి మీరెందుకు తింటున్నారు?" అని అడిగింది.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "నిజమేనే. కారం తినడమే గొప్పయితే ఈ సింహాసనం నీకే ఇవ్వాలి" అని, మిరపకాయ పక్కన పెట్టి కోడిముక్క నోట్లో వేసుకున్నారు. నవ్వు ఆగిపోయింది. కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలారు. పైన కరకర, లోపల మెత్తన, వెనకాల సన్నగా మిరప కమ్మదనం. విస్తరి ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

రాజు మిరపకాయ వదిలాక ఇక ఎవరికి సిగ్గు? శెట్టిగారు వెన్న సంగతి చెప్పేశాడు. దళవాయి మజ్జిగ కుండ సంగతి ఒప్పుకుని రెండోసారి వడ్డించమన్నాడు. సాయంత్రం ఓడ వెళ్ళిపోయింది. చెన్నప్ప రేవులో నిలబడి, మూకుడు తోముకుంటూ దాన్ని సాగనంపాడు.

రాజుగారు కడియం తీసి మళ్ళీ నాంచారమ్మ చేతికే తొడిగారు. "ఇంతకుముందు నువ్వు తుమ్మనందుకు ఇచ్చాం. ఇప్పుడు నిజం చెప్పినందుకు ఇస్తున్నాం. ఈ రెండోదే కష్టం" అన్నారు.

మర్నాడు నాంచారమ్మ రోకలి ఎత్తినప్పుడు ఆ కడియం మునుపటికంటే ఎత్తుగా మెరిసింది. మధ్యలో ఒకసారి తుమ్ము వచ్చింది. వీధి అంతా వినబడేలా హాయిగా తుమ్మింది. ఎవరూ నవ్వలేదు. "మా నాంచారమ్మ తుమ్మింది, మంచి కారమే" అని చెప్పుకుని మురిసిపోయారు.

కాబట్టి పిల్లలూ, తెలియని రుచిని అడిగి తెలుసుకుంటే గొప్ప తగ్గదు. మంటను దాచి చప్పగా ఉందన్నవాడే విందునూ పోగొట్టుకుంటాడు, వండినవాడినీ పోగొట్టుకుంటాడు.