కవచం తొడిగిన దీపం

కరువు ఏడాది, కోటలోని పాడుబావి పూడిక తీయమన్నాడు రాజు. సేనను నడిపే దళవాయి వీరభోజుడు పదిమంది పనివాళ్ల ముందు ఇనుప కవచాలు కుప్ప పోయించి, "ఇవి తొడిగితే పైనుంచి రాళ్లు పడ్డా చావే లేదు, దిగండి!" అని గద్దించాడు.

బావులు తవ్వే ఎల్లమంద ముందుకొచ్చాడు. అతని అన్న అలాంటి బావిలోనే ఊపిరాడక పోయాడు.

"దొరా, ముందు దీపానికి తొడిగి చూద్దాం," అంటూ వెలిగించిన ప్రమిదను కవచంలో పెట్టి తాడుతో దించాడు. పైకి లాగితే కవచానికి గీతైనా పడలేదు, దీపం మాత్రం ఆరిపోయింది.

"ఇక్కడ చంపేది రాయి కాదు దొరా, చెడ్డగాలి. గాలి కదపడానికి వేపమండలు, నడుముకు తాడు ఇప్పించండి."

దళవాయి వెంటనే రెండూ తెప్పించాడు. మండలు దించి ఊపించి, దీపం నిలిచి వెలిగాకే మనుషుల్ని దించాడు. సాయంత్రానికి పదిమందీ క్షేమంగా పైకొచ్చారు.

ఊరిన తొలి కడవ నీళ్లు ఎల్లమందకే ఇచ్చి, "పది ప్రాణాల పాపం నాకంటకుండా కాచావయ్యా," అని చేతులు జోడించాడు దళవాయి.