చివురికి ప్రాణం తీపైన రోజు

వానలు పడి రేలకొండ అడవిలో కొత్త గడ్డి మొలిచింది కానీ, కాలిన చెట్ల మోళ్లు ఇంకా నల్లగానే నిలబడి ఉన్నాయి. కిందటి ఎండాకాలం అడవి అంటుకుంది. ఆ మంటల్లో చివురి అనే కుందేలు పిల్ల తప్ప దాని ఇంట్లో ఎవరూ మిగల్లేదు. తల్లి దాన్ని ఒక బొరియలోకి నెట్టి, తమ్ముళ్లను తేవడానికి వెనక్కి పరిగెత్తింది. మళ్లీ రాలేదు.

ఆ బొరియ ఒక ముసలి అలుగుది. ఒంటినిండా పెంకులు, తినేది చీమలు. ఆ అలుగవ్వకు గాయాలు మాన్పే మంత్రం తెలుసు. చివురిని చేరదీసి, దానికీ ఆ విద్య నేర్పింది. గాయం మీద చెయ్యి పెట్టి మంత్రం చదివితే గాయం మూసుకుంటుంది. కానీ చదివినవాళ్ల ఒంట్లో సత్తువ కొంత పోతుంది.

"ఒకరికి చేశాక తిను, పడుకో. సత్తువ తిరిగొచ్చాకే ఇంకొకరికి," అని అలుగవ్వ గట్టిగా చెప్పింది.

చివురి వినేది కాదు. కుంటుతూ వచ్చిన ప్రతివాడికీ చెయ్యి పెట్టేది. బొచ్చు రాలిపోతోంది, ఎముకలు తేలుతున్నాయి.

"తిన్నావటే?"

"ఆకలి లేదవ్వా."

"పడుకున్నావా?"

"కళ్లు మూస్తే పొగ వాసన వస్తోంది."

"ఇలాగైతే చచ్చిపోతావే పిల్లా!"

"పోతే పోతాను. ఆ రోజే పోవాల్సినదాన్ని."

చెప్పీ చెప్పీ అలుగవ్వ నోరు అలసిపోయింది.

ఈ మాటలు పొద చాటున ఉన్న జంబయ్య చెవిన పడ్డాయి. జంబయ్య ముసలి నక్క. పళ్లు అరిగిపోయాయి, వెనక కాలు ఈడుస్తాడు. కుందేల్ని తింటే ఒక్క పూటతో సరి, దాని ఆయుష్షే దొరికితే మళ్లీ పడుచుదనం వస్తుంది కదా అనుకున్నాడు. అవ్వ చీమల పుట్టకు వెళ్లాక మెల్లగా వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా చివురీ, మన ఆయుష్షు ఇంకొకరికి పోసే మంత్రం కూడా ఉందటగా?"

"నాకు తెలీదు బాబాయ్. అవ్వని అడగాలి."

"అడుగు తల్లీ. మీ అమ్మ నీవల్లే కదా పోయింది! నువ్వుండి ఎవరికి లాభం? నాకిచ్చావంటే నీ పేరు చెప్పుకుని బతుకుతాను. మీ అమ్మ ఆత్మ కూడా చల్లబడుతుంది."

చివురికి అది న్యాయంగానే తోచింది. అవ్వ తిరిగి రాగానే అంతా చెప్పింది.

"ఇచ్చేస్తానవ్వా. బాగా అలసిపోయాను."

వద్దంటే ఈ పిల్ల తనంతట తానే నక్క నోటికి నడిచి వెళ్లేలా ఉందని అలుగవ్వకు తోచింది.

"సరే, వాణ్ణి పిలువు," అంది.

జంబయ్య వచ్చాడు. అవ్వ చెప్పింది: "ఇచ్చేవాళ్లు ముందు 'నా ప్రాణం నాకు తీపి' అనాలిరా. ఆ మాట నిజం కావాలి. అబద్ధమైతే మంత్రం పట్టదు."

"నా ప్రాణం నాకు తీపి," అంది చివురి. అవ్వ చెవిలో ఊదిన మాటలు కూడా చదివింది.

జంబయ్య తన కాలు చూసుకున్నాడు. అలాగే ఉంది. "పట్టలేదే!"

"పారేసేది నీకిస్తే నీకేం ఒరుగుతుందిరా? అది తీపయ్యేదాకా పిల్లను కనిపెట్టుకుని ఉండు. తినిపించు, నిద్రపోనివ్వు. గాయాలతో వచ్చేవాళ్లను ఆపు."

ఇక జంబయ్య పాట్లు చూడాలి. కుంటుకుంటూ వాగు దాకా పోయి లేత గరిక నోట కరుచుకొచ్చేవాడు. చివురి నిద్రపోతే బొరియ ముందు కాపలా కూర్చుని, వచ్చినవాళ్లను కసిరి పంపేవాడు.

"తిను తల్లీ! గరిక ఎంత కమ్మగా ఉందో!" అనేవాడు, జన్మలో గరిక రుచి ఎరగని జంబయ్య. "ఎండ చూడు, ఎంత హాయిగా ఉందో! ఇప్పుడు తీపేనా?"

"లేదు బాబాయ్."

నక్క మాటలు అబద్ధమే కానీ, గరిక నిజమైనదే. చివురి నములుతూ నములుతూ ఉండగా ఆకలి తిరిగొచ్చింది. నిద్ర మొదట ముక్కలు ముక్కలుగా వచ్చింది, తర్వాత నిలిచింది. బొచ్చు మళ్లీ మొలిచింది.

ఒకనాడు జంబయ్య వాగు దగ్గరికి పోయినప్పుడు, చివురి తనంతట తానే మేతకు బయటికొచ్చింది. ఉన్నట్టుండి మీద గద్ద నీడ పడింది. మరుక్షణం చివురి ముళ్లపొద కింద ఉంది. గద్ద వెళ్లిపోయాక పరుగున బొరియలోకి వచ్చింది.

"అవ్వా, పరిగెత్తాను. ఎవరూ చెప్పలేదు, కాళ్లే పరిగెత్తాయి. చచ్చిపోతానేమోనని భయమేసిందవ్వా!" మంటలు చూసిన నాటి నుంచి ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. "అమ్మ లేదు, తమ్ముళ్లు లేరు. నేను మాత్రం బతకాలనుకోవడం తప్పు కాదా?"

"నిన్ను లోపలికి నెట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నానే. 'ఇది బతకాలి' అంది మీ అమ్మ. బతికి ఏదో చెయ్యాలని అనలేదు. బతకాలనే అంది."

చివురి అవ్వ పెంకులకు ఆనుకుని, ఏడుపు తీరేదాకా ఏడ్చి నిద్రపోయింది.

మర్నాడు పొద్దున జంబయ్య గరిక తెచ్చి పడేసి రొప్పుతూ అడిగాడు: "ఇప్పుడైనా తీపేనా?"

"నా ప్రాణం నాకు తీపి బాబాయ్."

జంబయ్య కుంటికాలు గబుక్కున ముందుకు చాపాడు. "చదువు, మంత్రం చదువు!"

"చదవను. నా ప్రాణం నేను ఇవ్వను."

"ఇన్నాళ్లూ నిన్ను మేపింది ఇందుకా? ఏయ్ ముసల్దానా, నువ్వు చదువు!"

"ఏం చదవమంటావురా? అలాంటి మంత్రమే లేదు," అంది అలుగవ్వ.

జంబయ్య కోపంతో చివురి మీదికి దూకాడు. చివురి చటుక్కున బొరియలోకి దూరింది. అవ్వ బొరియ మూతి దగ్గర ఉండలా చుట్టుకుంది. జంబయ్య కసికొద్దీ కొరికాడు. అరిగిపోయిన పళ్లలో ముందు పన్ను ఊడి పడింది.

"అబ్బా! నెత్తురు కారుతోంది తల్లీ, చెయ్యి పెట్టు!"

అలవాటు కొద్దీ చివురి చెయ్యి లేచింది. కాసేపు ఆ చేతినే చూసి దించేసుకుంది.

"ఇవాళ ఎవరికీ చెయ్యను బాబాయ్. అలసటగా ఉంది, పడుకోవాలి."

జంబయ్య మూతి నాక్కుంటూ, కాలీడ్చుకుంటూ, ఖాళీ కడుపుతో కొండ దిగిపోయాడు.

నీతి: తన ప్రాణాన్ని తాను కాపాడుకోనివాళ్ల మంచితనం మోసగాళ్ల పాలవుతుంది.