పులిహోర డబ్బాలో తాబేలు పిల్ల

అనగనగా అన్నానని రాజులూ మంత్రులూ వస్తారనుకోకు. ఇది బడిపిల్లల కథ. దుప్పటి అంతా నీవైపే లాక్కోకే తల్లీ, నాకూ చలేస్తుంది. ఆఁ, ఇప్పుడు విను.

అనగనగా ఒక ఊళ్ళో ఒక చిన్న బడి. ఆ బళ్ళో నాలుగో తరగతికి లీలావతి టీచరు అని ఒకావిడ ఉండేది. నాలుగు గోడల మధ్య పాఠం చెప్పడమంటే ఆవిడకి మహా చిరాకు. చుట్టుపక్కల ఏముందో చూడకుండా పుస్తకం బట్టీ పడితే ఏం లాభం అనేది. అందుకని పిల్లల్ని వ్యానెక్కించి ఏదో ఒక చోటికి తీసుకెళ్ళేది.

ఆ తరగతిలో పైడితల్లి అని ఒక పిల్ల. దానికి వాళ్ళ నాయనమ్మంటే ప్రాణం. వాళ్ళ పెరట్లో నుయ్యి ఉంది, నూతిలో ఒక తాబేలు ఉండేది. వాళ్ళ వైపు అంతే, నూతిలో తాబేలుంటే నీళ్ళు శుభ్రంగా ఉంటాయని వేస్తారు. నాయనమ్మ కాపరానికొచ్చిన ఏడు తన చేత్తో వేసిన తాబేలు అది. ఆ వేసవిలో అది కాస్తా చచ్చిపోయింది.

అప్పటినుంచి నాయనమ్మ రోజూ పొద్దున్నే నూతిలోకి తొంగిచూసేది. ఆ తర్వాత దిగాలుగా వచ్చి అరుగు మీద కూర్చునేది. అది చూస్తే పైడితల్లికి ఏడుపొచ్చేది. ఎలాగైనా ఇంకో తాబేలు తెచ్చి నాయనమ్మకి ఇవ్వాలి అనుకుంది. పాపం, అనుకోవడంలో తప్పేం ఉంది?

ఆ ఏడు టీచరు మూడుచోట్లకి తీసుకెళ్ళింది. మొదట కుమ్మరి వీధికి. అక్కడ పిల్లలు సారె తిప్పి, ఒంటినిండా మట్టి పూసుకున్నారు. వచ్చేటప్పుడు పైడితల్లి పిడికెడు బంకమట్టి తెచ్చుకుంది. టీచరు చూసి ఊరుకుంది.

ఆ తర్వాత కొంగలు గూళ్ళు పెట్టే చింతతోపుకి. ఆ ఊరివాళ్ళు కొంగల్ని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారట. అవి పిల్లల్ని వెంటేసుకుని ఎగిరిపోయేదాకా ఆ చెట్ల కాయ కొయ్యరట. అక్కడ కింద రాలిన ఈక ఒకటి పైడితల్లి తెచ్చుకుంది. టీచరు అప్పుడూ ఏమీ అనలేదు.

మూడోసారి సముద్రానికి. కోడి కుయ్యకముందే బయల్దేరారు. ఆ ఒడ్డున ఎర్రయ్య తాత అని చేపలు పట్టే ఆయన ఉన్నాడు. తల్లి తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతే, నక్కలూ కుక్కలూ తినెయ్యకుండా దడి కట్టి ఆయనే కాపలా కాస్తాడు. ఆ తెల్లవారే గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాయి. తాత వాటిని గంపలోకి ఏరి తెచ్చి, నీళ్ళకి కాస్త ఇవతల గంప వంచాడు. అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లలు, బిలబిలమంటూ అన్నీ నీళ్ళవైపే!

అప్పుడు పైడితల్లి ఏం చేసింది? తెచ్చుకున్న పులిహోర గబగబా తినేసింది. డబ్బా కడిగింది. వెనకబడ్డ పిల్లనొకదాన్ని అందులో పెట్టి, మూత కొంచెం వారగా పెట్టి, సంచిలో దాచేసింది. మట్టి తెచ్చుకుంటే టీచరు ఏమీ అనలేదు, ఈక తెచ్చుకుంటే ఏమీ అనలేదు, ఇదీ అంతేగా అనుకుంది. నవ్వకు. నువ్వైతే రెండు తెచ్చేదానివి.

ఆ తర్వాత అందరూ వ్యానెక్కారు. అక్కడినుంచి లైట్‌హౌస్ చూడ్డానికి వెళ్ళాలి. నెల్లాళ్ళనుంచి పిల్లలు దాని గురించే కలవరిస్తున్నారు. దారి చూపడానికి ఎర్రయ్య తాత కూడా ఎక్కాడు. ఎక్కి ఊరుకున్నాడా, తాబేళ్ళ కబుర్లు మొదలెట్టాడు. ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఈ ఒడ్డుకే వెతుక్కుంటూ వస్తాయట. పైడితల్లి మెల్లిగా, నూతిలో వేస్తే బతకదా తాతా అని అడిగింది.

"నూతిలోనా? ఉప్పునీటి ప్రాణి తల్లీ అది. అక్కడేం తింటది, ఎక్కడికి పోతది? చచ్చిపోద్ది" అన్నాడు తాత.

పైడితల్లి సంచిని ఒళ్ళోకి లాక్కుంది. ఒళ్ళో సంచిలోంచి గీకుతున్న చప్పుడు వచ్చింది. చెబుదామంటే టీచరు ఏమంటుందోనని భయం. కాసేపటికి మళ్ళీ గీకింది. చెబితే లైట్‌హౌస్ పోతుంది, అందరూ తనని తిడతారు. ఇంకోసారి గీకితే చెప్పేద్దాం అనుకుని చెవొగ్గి కూర్చుంది. మూడోసారి చప్పుడు రాలేదు.

అప్పుడు పైడితల్లి లేచి నిలబడింది.

"టీచర్, తాబేలు పిల్ల నా డబ్బాలో ఉంది. వ్యాను ఆపండి."

టీచరు అరిచిందా అంటే అరవలేదు. అరిచినా బాగుండేది. మట్టి తెచ్చిననాడు, ఈక తెచ్చిననాడు నేనే ఊరుకున్నాను, సగం తప్పు నాదే అంది. వ్యాను వెనక్కి తిరిగింది. తాబేలు పిల్ల బతికే ఉంది గాని, నీరసంగా తల వాల్చేసింది.

ఈలోగా ఎండ ముదిరిపోయింది. ఇసుక కాలిపోతోంది, కాకులు తిరుగుతున్నాయి. ఇప్పుడు వదిలితే నీళ్ళదాకా చేరదు, చల్లబడేదాకా ఆగాలన్నాడు తాత. గంపలో తడి ఇసుక పోసి, దాన్ని అందులో పెట్టి, పడవ నీడలో గుడ్డ కప్పి ఉంచాడు. లైట్‌హౌస్ సంగతి ఇక దేవుడెరుగు. పిల్లలు మూతులు ముడుచుకుని కూర్చున్నారు. గవరయ్య అనే పిల్లాడైతే పైడితల్లికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ పిల్ల ఒక్కత్తీ గంప పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం ఆ ఊరి ఆడవాళ్ళు అందరికీ చేపల పులుసు పెట్టారు. వల అల్లడం చూపించారు. వలలో తాబేలు పడితే గంగమ్మ బిడ్డ అంటూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తారట, వల తెగినా సరే. అది విన్నాక పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గంపలోకి తొంగిచూడటం మొదలెట్టారు.

సాయంత్రమైంది. తాత దాన్ని ఇసుక మీద పెట్టాడు. అది కదల్లేదు. పైడితల్లి ఆగలేక, వెనకనుంచి నెడదామని చెయ్యి చాపింది.

"ముట్టకమ్మా. ఈ ఇసక మీద దాని అడుగులు అదే ఎయ్యాలి. అప్పుడే పుట్టిన చోటు దానికి గురుతుంటది" అన్నాడు తాత.

చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంతసేపో అయ్యాక ఒక కాలు కదిలింది. ఆ తర్వాత రెండోది. గవరయ్య లేచి కాకుల్ని తోలాడు. ఒక అల వచ్చి దాన్ని వెనక్కి విసిరేసింది. ఇంకో అల తిరగేసింది, అదే తిప్పలు పడి లేచింది. మూడో అల తీసుకుపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాగే చూస్తూ నిలబడ్డారు.

భోజనాల వేళకి పైడితల్లి ఇల్లు చేరింది. నాయనమ్మ అన్నం కలిపి పెడుతుంటే, దాచకుండా అంతా చెప్పేసింది. నీకోసం తెద్దామనుకున్నాను, తేలేకపోయాను అని ఏడ్చింది. అది ఎలా నడిచిందో నేలమీద చేతులు పెట్టి నడిచి చూపించింది. నాయనమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నలభై ఏళ్ళు సాకానని మురిసిపోయానే. నా నూతిలోదాని ఒడ్డు ఎక్కడో నేను ఒక్కనాడూ అడగలేదు" అంది.

తాబేలు పిల్ల నీటికి,
పైడితల్లి ఇంటికి,
కథేమో ఆ కంచికి,
నిద్రేమో నీ కంటికి.