పొయ్యి మీది ఉట్టి

పరదేశయ్య గారికి ప్రశ్నలంటే విసుగు లేదు. అడిగిందే మళ్లీ అడిగితే మాత్రం ఒళ్లు మండేది. శిష్యుడు కంబగిరికి సరిగ్గా అదే అలవాటు.

"సామీ, ఇన్నేళ్లలో మీరు చెప్పిన మాట ఒక్కటి కూడా నేను జారవిడువలేదు. అన్నీ భద్రంగా పెట్టుకున్నా. మరి నాలో మార్పు రాలేదేంటికి?"

"ముందు కొర్ర విత్తుపో. తర్వాత చూద్దాం," అన్నారాయన.

కొర్ర సంగతి చిన్నది కాదు. మఠం చేను పండితేనే ఎండాకాలంలో దారిన పోయేవాళ్లకు అంబలి పోయగలిగేది. కొన్నేళ్లుగా పైరు గిడసబారిపోతోంది. సంచులకొద్దీ భాస్వరం చల్లినా ఫలితం లేదు. మన్ను పరీక్ష చేయించిన వ్యవసాయాధికారిణి నవ్వింది. "మీ నేలలో భాస్వరం దండిగా ఉంది. మట్టిలో బిగుసుకుపోయి వేళ్లకు అందడం లేదంతే," అని, దాన్ని కరిగించే జీవన ఎరువు ప్యాకెట్ కంబగిరి చేతిలో పెట్టింది. బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి విత్తమంది. లోపల ఉన్నవి ప్రాణమున్న జీవులు, జాగ్రత్త అని కూడా చెప్పింది.

వాన పడింది, విత్తడానికి నేల పదును కుదిరింది. గురువుగారు గొర్రు కట్టించి ప్యాకెట్ తెమ్మన్నారు. కంబగిరి ప్రసాదం తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చాడు. ఆయన ముట్టుకుంటే చెయ్యి కాలింది.

"ఎక్కడ పెట్టినావురా దీన్ని?"

"విత్తనం దాచే చోటే సామీ. తెచ్చిననాటి నుంచీ పొయ్యి మీది ఉట్టిలో, పొగ తగిలేటట్టు. ఆడైతే పురుగన్నది బతకదు కదా."

"దాంట్లో ఉండేదే పురుగు కదరా నాయనా!"

ఆయన తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డారు. ఇంత భక్తితో వేగడం ఎవరి తరం?

పట్నం పోయి ఇంకో ప్యాకెట్ తెచ్చేలోగా పదును ఆరిపోతుంది. పక్క చేని మద్దమ్మ తాను అదే జీవన ఎరువు పట్టించిన విత్తనంలో మిగిలింది కొంగున కట్టి తెచ్చి ఇచ్చింది. అది గట్టు వార రెండు మూడు సాళ్లకే సరిపోయింది. మిగతా చేనంతా ఉత్త విత్తనమే పడింది.

కోతనాటికి ఆ గట్టు వార సాళ్లలో కంకులు బరువుకు వంగి ఉన్నాయి. మిగతా చేను ఎప్పటిలాగే మోకాలెత్తు కూడా లేవలేదు. ఆ ఏడు ఎండలు ముదరకముందే గింజలు నిండుకుని అంబలి కుండ బోర్లించాల్సి వచ్చింది. బోర్లిస్తూ కంబగిరి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది?

"సామీ, ఇన్నేళ్లలో మీ మాట ఒక్కటైనా పారేసుకోలేదే నేను..."

పరదేశయ్య గారు ఆ కుండ వంక చూసి పెద్దగా నిట్టూర్చారు.

"పారేసుకున్నా బాగుండేదప్పా. యాడన్నా మట్టిలో పడి బతికుండేది."